గ్రాములమ్మ అరగంట కాఫీ

తూకం మిషను బాగుచేయమని గ్రాములమ్మను పిలిచేవాళ్ళు ముందుగా రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, ఆమె స్క్రూడ్రైవరు పట్టుకున్నప్పుడు పక్కన నిలబడి సలహాలు ఇవ్వకూడదు. రెండోది, పని అయ్యాక కాఫీ ఇవ్వాలి. ఇది మర్యాద కోసం కాదు, పనిలో భాగం.

ఏ మిషనైనా బాగుచేశాక అది మోయగలిగినంత బరువూ దానిమీద పెట్టి అరగంట కదపకుండా వదిలేయాలి. బరువు కింద లోపలి లోహం కంటికి కనబడనంత వంగుతుంది. ఆ వంగడం ఆగకపోతే అంకె మెల్లగా పాకుతుంది. పెట్టగానే సరైన అంకె చూపించడం గొప్ప కాదు, అరగంట తర్వాత కూడా అదే అంకె మీద నిలబడాలి. చాలామంది మెకానిక్కులు అంకె రాగానే సంతకం గీకి బండెక్కేస్తారు. గ్రాములమ్మ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

"ముప్పై నిమిషాలు దాన్నెవరూ ముట్టుకోవద్దు. నన్ను మాత్రం ఖాళీగా కూర్చోబెట్టొద్దు," అంటుంది.

మిషను ఆగితే దుకాణం ఆగుతుంది. యజమాని కూడా చేసేదేమీ లేక ఎదురుగా కూర్చుంటాడు. అప్పుడు ఆమె కాఫీ ఒక గుక్క తాగి, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడుగుతుంది. "దీనిమీద ఇన్నేళ్ళుగా తూస్తున్నారు కదా, మీకు గుర్తుండిపోయిన తూకం ఏమిటి?"

ముందు అందరూ నవ్వేస్తారు. బేరాలు తప్ప ఏం గుర్తుంటాయి అంటారు. సగం కప్పు అయ్యేసరికి ఏదో ఒకటి బయటికి వస్తుంది. పోస్టాఫీసులో పార్శిళ్ళు తీసుకునే ఆవిడ తన బదిలీ కాగితాన్ని కోపంకొద్దీ తూచి చూసిందట. కవరుతో కలిపి పన్నెండు గ్రాములు. "ఆ పన్నెండు గ్రాములే నన్ను ఎత్తి ఎక్కడో పడేశాయి. అక్కడ పక్క కౌంటర్లో కూర్చునేవాడే మా ఆయన," అని చెప్పి పొంగుతున్న నవ్వును చేత్తో అడ్డుకుంది. పాత ఇనుము కొనే అతను తన కూతురు బడికి వెళ్ళకముందే మిషను మీద అంకెలు చూసి నేర్చుకున్న సంగతి చెప్పాడు. ఒకరోజు తుప్పుపట్టిన సైకిలుకి పదిహేడు కేజీలు వస్తే ఆ పిల్ల వెనక నుంచి చివరి అంకె చూసి "ఏడు" అన్నదట. "నేను వెనక్కి తిరిగి, మళ్ళీ అను తల్లీ అన్నాను. సైకిలు తెచ్చినవాడు, ముందు నా బేరం తేల్చవయ్యా అని గోల."

అరగంట వేళాకోళానికి ఎక్కువ, పోట్లాటకు తక్కువ. ఒక జ్ఞాపకం మాత్రం అందులో సరిగ్గా పడుతుంది.

ఆమెను ఎవరైనా తిరిగి అడిగితే ఆమె దగ్గరా ఒకటి సిద్ధంగా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మామగారికి ఒక షట్టరు వెడల్పున్న తూనికల దుకాణం ఉండేది. భర్తకు ఆ పని పట్టుబడలేదు. ఆయన స్క్రూ విప్పితే మళ్ళీ బిగించడానికి ఇంకొకళ్ళు రావాలి. చివరికి స్కూలు వ్యాను నడపడంలో కుదురుకున్నాడు. కూతురు నెల ముందే పుట్టింది. పుట్టినప్పుడు రెండు కేజీలు కూడా లేదు. మామగారు ప్రతి ఆదివారం దుకాణంలోని రెండు పళ్ళాల త్రాసు ఇంటికి మోసుకొచ్చి, ఒక పళ్ళెంలో తువ్వాలు పరిచి పిల్లను పడుకోబెట్టేవాడు. అలాంటి తువ్వాలే మడిచి రెండో పళ్ళెంలో వేసి, దానిమీద రాళ్ళు పేర్చేవాడు. అయిదో ఆదివారం రాళ్ళపెట్టె ఆమె ముందుకు తోసి, "నువ్వే పెట్టు కోడలా, నా చేతులు వణుకుతున్నాయి," అన్నాడు. రెండు కేజీల రాయి పెట్టింది. రాయి ఉన్న పళ్ళెం కిందికి దిగలేదు. ఇంకో వంద గ్రాములు పెట్టాల్సి వచ్చింది. ఆయన చేతులు వణకలేదని, ఆ రాయి కోడలి చేత పెట్టించాలనే అలా అన్నాడని తర్వాత ఎప్పటికో తెలిసింది. ఆ మర్నాడే ఆమె దుకాణానికి వెళ్ళి పని నేర్పమంది. ముప్పై నాలుగేళ్ళయింది. కేజీ అని చెప్పి ఇచ్చిన సంచిని చేత్తో ఎత్తి "నలభై గ్రాములు తగ్గింది నాయనా" అనడం వల్ల బజారులో ఆ పేరు పడింది. ఇంట్లో వాళ్ళు కూడా అసలు పేరుతో పిలవడం మానేశారు.

ఆ ఉదయం ఆమె వెళ్ళింది పిల్లల ఆరోగ్య కేంద్రానికి. రెండు గదులు, ఒక వరండా, వరండాలో గోడ పొడుగునా బెంచీ. లోపలి గదిలో రెండు నెలలు దాటని పిల్లల్ని తూచే చిన్న మిషను ఉంది. ఆరు కేజీల దాకా చూపిస్తుంది. అయిదేళ్ళుగా దాన్ని చూసుకునేది గ్రాములమ్మే. దాని పక్కన అంటించిన తనిఖీ చీటీ మీద ఉండేది ఆమె సంతకమే.

"రండి గ్రాములమ్మా. బటన్ నొక్కితే లోపలికి వెళ్ళి అక్కడే కాపురం పెట్టింది," అంది నర్సు. నలభై దాటిన మనిషి, మాటలో పదునెక్కువ, పని మాత్రం శ్రద్ధగా చేస్తుంది. "పొద్దుట్నుంచి ఒక్క బిడ్డనీ తూచలేదు. పదకొండుకి డాక్టరుగారు వచ్చేస్తారు."

బెంచీ మీద ఒకే కుటుంబం ఉంది. పసుపు గుడ్డలో చుట్టిన పసివాడు, వాణ్ణి ఎత్తుకున్న అమ్మాయి, పక్కన ఆమె అత్తగారు. అమ్మాయి కళ్ళకింద నల్లచారలు చూస్తే వారం రోజులుగా నిద్ర లేదని తెలుస్తోంది. ఆమె సిటీ బస్సు కండక్టరు అనీ, ఇప్పుడు సెలవులో ఉందనీ నర్సు మాటల్లో బయటపడింది.

"ఈ వారం కూడా పెరగకపోతే పెద్దాసుపత్రికి రాసిచ్చెయ్యమన్నారు డాక్టరుగారు," అంది నర్సు, పళ్ళెం తుడుస్తూ. "ఉత్తరం రాసి ఉంచాను. ఈరోజు బరువు వెయ్యడమే తరువాయి. నెల వయసు దాకా చక్కగా పెరిగాడు. ఆ తర్వాత రెండు వారాల్లో ఒకసారి డెబ్బై, ఒకసారి అరవై. అంతే. తల్లిపాలు చాలట్లేదని పోయిన వారం డబ్బాపాలు మొదలుపెట్టించాను. ఈమధ్య ఇలాంటివాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. ఒకడికైతే ఏకంగా తగ్గింది కూడా, విరేచనాల వల్ల అనుకుంటున్నాం."

"నా చేతికి మాత్రం బరువొస్తూనే ఉన్నాడమ్మా," అని వరండాలోంచి అత్తగారు అందుకుంది. "నా మోచెయ్యి అబద్ధమాడుతుందా?"

"మీ మోచేతి మీద అంకెలుండవు కదా పెద్దమ్మగారూ."

"అత్తయ్యా, ఊరుకోండి," అంది కండక్టరమ్మాయి, తల ఎత్తకుండా.

గ్రాములమ్మ నవ్వుకుంటూ బటన్ మార్చింది. పావుగంట పని. తర్వాత సంచిలోంచి తన తూకపు దిమ్మలు తీసింది. రెండేసి కేజీల ఇత్తడి దిమ్మలు మూడు, చిన్న రాళ్ళ పెట్టె ఒకటి. మొదటి దిమ్మ పెట్టింది. రెండు కేజీలు, ఒక్క గ్రాము తేడా లేదు. రెండో దిమ్మ పెట్టింది.

మూడు కేజీల ఆరువందల ఇరవై అయిదు.

ఆమె దిమ్మ తీసి మళ్ళీ పెట్టింది. అదే అంకె. మూడోది కూడా పెట్టింది. ఆరు కేజీలకు నాలుగు కేజీల పైన నూట పాతిక చూపించింది.

వెంటనే ఆమె వేలు పళ్ళెం కిందికి వెళ్ళింది. అక్కడ ఒక అడ్డు స్క్రూ ఉంటుంది. ఎవరైనా మరీ ఎక్కువ బరువు వేస్తే పళ్ళెం ఆ స్క్రూ మీద ఆనుకుని, లోపలి భాగం విరగకుండా కాపాడుతుంది. మామూలు బరువులకు అది తగలకూడదు. ఇప్పుడు మూడున్నర కేజీలకే తగులుతోంది. ఆపైన వేసిన బరువులో నాలుగో వంతే అంకెలోకి వస్తోంది, మిగతాది స్క్రూ మోసేస్తోంది.

ఆ స్క్రూ ఎవరు తిప్పారో ఆమె ఎవరినీ అడగక్కర్లేదు. దాని తలమీద, కదలకుండా పూసిన ఎర్ర గోళ్ళరంగు ఉంది. స్క్రూ బిగించాక గోళ్ళరంగు చుక్క వేయడం ఆమె అలవాటు. ఆ ముదురు రంగు ఆమె మనవరాలు ఎంచింది.

మూడు వారాల కిందట తనిఖీకి వచ్చినప్పుడు, ఒక పసిబిడ్డ అన్నయ్య, మూడేళ్ళవాడు, ఈ పళ్ళెం మీదికెక్కి నిలబడటం ఆమె చూసింది. ఇంకోసారి ఎక్కితే మిషను పోతుందని భయపడి అడ్డు స్క్రూను కాస్త పైకి తిప్పింది. పావు చుట్టు కూడా కాదు. అప్పుడే కూతురు ఫోను. మనవరాలికి ఒళ్ళు కాలిపోతోందని. ఆమె ఒక్క దిమ్మ పెట్టి, రెండు కేజీలు చూసి, చీటీ మీద సంతకం పెట్టి పరుగెత్తింది. కాఫీ వద్దంది. ముప్పై నాలుగేళ్ళలో అరగంట కూర్చోకుండా వెళ్ళింది ఆ ఒక్కరోజే. ఇంటికెళ్ళి చూస్తే మనవరాలికి దవడ పన్ను వస్తోంది, అంతే.

ఆలోచన తెమలకముందే చేతులు పని కానిచ్చేశాయి. స్క్రూ కిందికి తిప్పింది. గోళ్ళరంగు చిట్లింది. అంకె నాలుగు నుంచి లేచి ఆరు మీద నిలబడింది.

"అయిందా?" అంది నర్సు.

"ఆఁ. అరగంట చూడాలి."

"తెలుసు, కెటిల్ పెట్టేశాను." నర్సు గది మూలనుంచి కాఫీ తెచ్చింది. ఒక గాజు గ్లాసు, రెండు స్టీలు గ్లాసులు, ఫ్లాస్కు మూత. వరండాలో వాళ్ళను కూడా లోపలికి పిలిచింది. అత్తగారు ఫ్లాస్కు మూత అందుకుంది. కండక్టరమ్మాయి వద్దంది.

"కాఫీ తాగితే ఉన్న పాలు కూడా తగ్గుతాయేమో."

"సగం గ్లాసుకి ఏమీ కాదు, తాగమ్మా," అంది నర్సు. "నువ్వు పడిపోతే వాణ్ణి నేను ఎత్తుకోవాలి."

నలుగురూ మిషను చుట్టూ కూర్చున్నారు. అంకె ఆరు మీద కదలకుండా ఉంది. గ్రాములమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అంకెనే చూస్తోంది.

"ఏమిటివాళ మీ ప్రశ్న అడగలేదు?" అంది నర్సు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ఈవిడ కాఫీ తాగుతూ అందరి జ్ఞాపకాలూ పోగేస్తుంది. నావి మూడు పట్టుకుపోయింది. నీదొకటి చెప్పు," అంది.

"నా దగ్గర ఏముంటాయండీ."

"బస్సులో పనిచేసేదానివి. లేకేం?"

కండక్టరమ్మాయి పసివాణ్ణి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఆరో నెల వచ్చాక బస్సులో జనాన్ని తోసుకుంటూ వెళ్ళలేకపోయేదాన్ని. ఏడు నలభై బస్సు. రోజూ వచ్చేవాళ్ళే. ఒకరోజు ముందు సీట్లో ఉండే టైలరు లేచి, నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం అన్నాడు. నేను టిక్కెట్టు చింపి మొదటివాళ్ళ చేతిలో పెడితే చేతుల మీదుగా చివరి సీటు దాకా వెళ్ళేది. ఆ చివర్నుంచి ఇద్దరికి అని కేక వస్తే, మధ్యలో అందరూ ఇద్దరికి ఇద్దరికి అనుకుంటూ నాదాకా చేరవేసేవాళ్ళు. రెండు నెలలు అలాగే నడిచింది. ఒక్క టిక్కెట్టు దారిలో పోలేదు. చివరిరోజు దిగిపోతుంటే డ్రైవరన్న బస్సు ఆపేసి, మా మేనల్లుడికి ఈ రూటులో టిక్కెట్టు లేదని అందరూ ఒప్పుకుంటేనే బండి కదుల్తుంది అన్నాడు. అంతమందీ సరే అన్నారు."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమే," అంది అత్తగారు.

"చెబితే ఆ మర్నాడే ఉద్యోగం మానిపించేవాళ్ళు కదా మీరు."

"మానిపించేదాన్నే," అని ఆవిడ ఒప్పేసుకుంది.

నర్సు నవ్వింది. కండక్టరమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. "అంతమంది వీణ్ణి చేతుల మీద మోశారు. నా ఒక్కదాని వంతు వచ్చేసరికి చేతకాలేదు. పాలు పట్టడం కూడా రాలేదు. ఈ రోజు బరువు పెరిగితే డబ్బాపాల వల్లే అన్నట్టు. రేపట్నుంచి పూర్తిగా అవే పట్టేస్తాను. నిశ్చయం చేసేసుకున్నాను."

అరగంటకి ఇంకా పద్దెనిమిది నిమిషాలున్నాయి.

గ్రాములమ్మ మనసులో లెక్క నడుస్తోంది. మిషను ఇప్పుడు బాగుంది. ఎవరికీ ఏమీ తెలియదు. అరగంట తర్వాత పిల్లవాణ్ణి తూస్తే అంకె ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. నర్సు ఉత్తరం చింపేస్తుంది, అందరూ సంతోషిస్తారు. తన సంతకానికి మచ్చ రాదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఈ కేంద్రం పోతే, దీన్ని చూసి తన చేత పని చేయించుకునే మిగతా మూడు ఆసుపత్రులూ వెనక్కి తగ్గుతాయి. కానీ ఆ పెరిగిన బరువంతా డబ్బా ఖాతాలోకి వెళ్తుంది. ఈ పిల్ల తన పాలు ఆపేస్తుంది. వాడు పెద్దయ్యాక కూడా, చూసినప్పుడల్లా నాకు చేతకాలేదు అనుకుంటుంది. ఇంకో ముగ్గురు తల్లులు కూడా ఎక్కడో ఇదే అనుకుంటూ ఉండి ఉంటారు.

"మీ సంగతి చెప్పండి," అంది నర్సు, మాట మార్చడానికి. "ఆదివారం త్రాసు కథ వద్దు, అది నాకు వచ్చేసింది. కొత్తది చెప్పండి."

"కొత్తదే ఉంది," అంది గ్రాములమ్మ. "మూడు వారాల కిందటిది."

ఆమె మొదట్నుంచీ చెప్పింది. పళ్ళెం ఎక్కిన మూడేళ్ళవాడి దగ్గర మొదలుపెట్టి, స్క్రూ, ఫోను, ఒక్క దిమ్మ, తాగని కాఫీ, అన్నీ. చివర్లో పళ్ళెం పక్కకు వంగి, చిట్లిన ఎర్ర రంగు చూపించింది.

"మూడున్నర దాటిన పిల్లలెవరికీ ఈ మిషను మూడు వారాలుగా నిజం చెప్పలేదు. తప్పు మిషనుది కాదు, నాది."

నర్సు గ్లాసు కింద పెట్టేసింది. మొహం ఎర్రబడింది. "నలుగురు తల్లుల్ని చెడామడా తిట్టానండీ నేను. పాలు సరిగ్గా పట్టట్లేదని, సెల్లు చూస్తూ పడుకోబెడుతున్నారని. ఒకావిడ ఇక్కడే ఏడ్చింది."

"ఇందాక మీరు చెప్పిన ఆ ముగ్గురూ స్క్రూ చూడగానే నాకు గుర్తొచ్చారు."

"సంతకం పెట్టే మనిషి చూసుకోవద్దా?"

"చూసుకోవాలి," అంది గ్రాములమ్మ.

అత్తగారు నోరు తెరవబోయింది. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ అమ్మాయి మొహంలో కోపం లేదు, సంతోషం కూడా లేదు. అనుమానంగా చూస్తోంది.

"పెద్దమ్మా, నన్ను ఊరడించడానికి చెబుతున్నారా? వారం నుంచి అందరూ ఇదే పని. మా ఆయన మిషను తప్పేమో అన్నాడు, మా అత్తయ్య చేతికి బరువొస్తోందంది. నా మనసు కుదుటపడాలని మీరూ ఏదో ఒకటి అంటున్నారేమో."

గ్రాములమ్మకు ఆ మాట నచ్చింది. తను కూడా ఎవరి మాటా ఊరికే నమ్మదు. "నీ పుస్తకం తియ్యి," అంది.

పిల్లవాడి బరువుల పుస్తకంలో నర్సు చేతిరాత. నాలుగో వారం మూడు కేజీల నాలుగువందల ఎనభై. అయిదో వారం అయిదువందల యాభై. ఆరో వారం ఆరువందల పది. నాలుగో వారం తూచింది స్క్రూ తిప్పకముందు. అది నిజం అంకె.

గ్రాములమ్మ స్క్రూను మళ్ళీ పైకి తిప్పింది. చిట్లిన రంగు ముక్కలు రెండూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కలిసేదాకా తిప్పి ఆగింది. "ఇప్పుడిది మూడు వారాలుగా ఎలా ఉందో అలా ఉంది. చిన్న రాళ్ళు నువ్వే పెట్టు. నీ పుస్తకంలో అంకె వచ్చేదాకా పెడుతూ ఉండు."

అత్తగారు పిల్లవాణ్ణి అందుకుంది. కండక్టరమ్మాయి పెట్టె దగ్గర కూర్చుంది. పళ్ళెంలో ఒక్క దిమ్మనే ఉంచి, మూడు కేజీలు అయ్యేలా పైన రాళ్ళు పెట్టింది. అంకె సరిగ్గా చూపించింది. మూడున్నర. అదీ సరిగ్గానే. ఇంకో వంద గ్రాములు పెట్టింది. అంకె పాతిక మాత్రమే కదిలింది. ఆమె తలెత్తి గ్రాములమ్మ వైపు చూసింది.

"కానియ్యి," అంది గ్రాములమ్మ.

ఇంకో వంద పెట్టేసరికి మిషను అయిదువందల యాభై చూపించింది. పళ్ళెంలో రాళ్ళు లెక్కపెడితే మూడు కేజీల ఏడువందలు ఉన్నాయి. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత ఆరువందల పది వచ్చేదాకా వేసింది. ఈసారి పళ్ళెంలో ఉన్నవి మూడు కేజీల తొమ్మిది వందల నలభై.

నర్సు కలం తీసి పుస్తకంలో పాత అంకెలు కొట్టేసి, పక్కన కొత్తవి వేసింది. "మొదటి వారం రెండువందల ఇరవై పెరిగాడు. రెండో వారం రెండువందల నలభై." ఆమె గొంతు తగ్గింది. "రెండూ డబ్బా మూత తీయకముందే."

కండక్టరమ్మాయి చేతిలో మిగిలిన అయిదు గ్రాముల రాయిని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ఒక చేత్తో మనవణ్ణి పట్టుకుని ఇంకో చెయ్యి కోడలి వీపు మీద వేసింది. "ఏడు తల్లీ, ఏడు. నా మోచెయ్యి ముందే చెప్పిందని ఇప్పుడు అననులే," అంది.

"అనేశారుగా," అంది కోడలు కొంగులోంచి.

గ్రాములమ్మ స్క్రూ దించి, కొత్త రంగు చుక్క వేసి, ఆరు కేజీలు పెట్టింది. మళ్ళీ అరగంట. నర్సు గడియారం చూసి నిట్టూర్చింది. "ఇంకో కాఫీనా?"

"నాకు వద్దు. కాగితం ఇవ్వండి."

ఆ అరగంటలో ఆమె తనిఖీ కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసింది. ఏ తేదీన స్క్రూ తిప్పిందో, ఎంత బరువు పెట్టి చూడలేదో, ఏ అంకె దగ్గర్నుంచి తప్పు మొదలైందో అన్నీ వేసి, కింద సంతకం పెట్టింది. నర్సు రిజిస్టరు తిరగేస్తూ మూడున్నర దాటిన పిల్లల వివరాలు ఒక చీటీ మీద దించుకుంది. పదకొండు దాటాక వచ్చిన డాక్టరు నిలబడే ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇది పైకి పంపించాలి," అంది.

"పంపించండమ్మా. దానికే రాశాను."

"మీ కాంట్రాక్టు సంగతి వాళ్ళు తేలుస్తారు. నా చేతిలో లేదు." డాక్టరు కాగితం మడిచింది. "దాంతోపాటు నేనొక ముక్క రాస్తాను. మీరు చెప్పకపోతే ఇది మాకెప్పటికీ తెలిసేది కాదని."

అంకె ఆరు మీద నిలబడింది. దిమ్మలు తీసేసి పసివాణ్ణి బట్టలు విప్పి పడుకోబెట్టారు. నాలుగు కేజీల నూట ఎనభై. నర్సు రాసి ఉంచిన ఉత్తరాన్ని డాక్టరే రెండుగా చింపింది.

పళ్ళెం చల్లగా తగిలిందేమో, వాడు గుక్కపట్టి ఏడుపందుకున్నాడు. అమ్మాయి వాణ్ణి ఎత్తుకుంది కానీ వెళ్ళలేదు. "డాక్టరుగారూ, ఒక సందేహం. ఇప్పుడు వీడికి పాలిచ్చి మళ్ళీ తూస్తే, ఎంత తాగాడో తెలుస్తుందా?"

డాక్టరు గ్రాములమ్మ వైపు చూసింది. గ్రాములమ్మ తలూపింది. "అయిదేసి గ్రాముల లెక్కలో తెలుస్తుంది."

తెర వెనక్కి వెళ్ళిన తల్లీ బిడ్డల కోసం అందరూ ఏదో పనున్నట్టు నిలబడ్డారు. ఇరవై నిమిషాలకు వాడు కళ్ళు మూసుకుని బయటికి వచ్చాడు. నోటిచివర తెల్లటి చుక్క. పళ్ళెం మీద పడుకోబెట్టినా కదల్లేదు. అంకె కాస్త ఊగి ఆగింది.

నాలుగు కేజీల రెండువందల అరవై అయిదు.

"ఎనభై అయిదు," అంది కండక్టరమ్మాయి. గట్టిగానే అంది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటుకు కూడా వినబడే గొంతు అది. నర్సు ఉలిక్కిపడింది. పసివాడు మాత్రం లేవలేదు.

గ్రాములమ్మ దిమ్మలు సంచిలో సర్దుకుని, నర్సు దగ్గర చీటీ తీసుకుంది. ముగ్గురి చిరునామాలు. ఫోనులో కాకుండా తనే ఇంటింటికీ వెళ్ళి చెబుతానంది. ఒక ఇంటి దగ్గర తిట్లు తినాల్సి వస్తుందని నర్సు ముందే హెచ్చరించింది. ఏడ్చింది ఆ ఇంటావిడే.

"ఏదీ, చూపించండి పెద్దమ్మా," అని కండక్టరమ్మాయి ఆమె చేతిలోంచి చీటీ లాక్కుంది. రెండో చిరునామా మీద వేలు పెట్టింది. "ఈవిడ మా వీధే. నీళ్ళ ట్యాంకు వెనక మేడ. మీరు ఒక్కరే వెళ్తే, ఊరడించడానికి చెబుతున్నారనుకుంటుంది. పదండి, నేనూ వస్తాను. రాళ్ళపెట్టె కూడా తెండి."

"నువ్వు ఇంటికెళ్ళి నిద్రపో ముందు," అంది గ్రాములమ్మ.

"వెళ్ళే దారేగా."

అత్తగారు మనవణ్ణి భుజాన వేసుకుని అప్పటికే మెట్లు దిగుతోంది. కోడలు రాళ్ళపెట్టె అందుకుంది. గ్రాములమ్మ దిమ్మల సంచి భుజానికి తగిలించుకుని వాళ్ళ వెనకే ఎండలోకి నడిచింది.